ఫాల్ట్ పడిన తరవాతి మూడు సెకన్లు: సోలార్, గాలిమరలు పెరిగిన గ్రిడ్ ఎలా నిలబడుతుంది

పాలకొల్లు ప్రాంతం నుంచి మీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. కొబ్బరి మట్ట 11 కేవీ లైనుకు తగిలినప్పుడు ఇంట్లో దీపాలు ఒక్క క్షణం మిణుకుమని మళ్లీ వెలుగుతున్నాయి, కానీ డాబా మీది సోలార్ ఇన్వర్టర్ మాత్రం ఆగిపోయి కొన్ని నిమిషాల తరవాత గానీ పని మొదలుపెట్టడం లేదు. రాయలసీమలోని పెద్ద సోలార్ పార్కులు, గాలిమరలు కూడా ఫాల్ట్ (లైను మీద షార్ట్ సర్క్యూట్) వచ్చిన ప్రతిసారీ ఇలాగే ఆగిపోతే గ్రిడ్ కూలిపోదా, అప్పుడు చేపల, రొయ్యల చెరువుల మీద నీటికి ఆక్సిజన్ అందించే ఏరియేటర్ల గతి ఏమిటి అన్నది మీ ఆందోళన. సబ్‌స్టేషన్లలో ఫాల్ట్‌ను పసిగట్టి బ్రేకర్‌ను తెరిపించే రిలేలకు సెట్టింగులు పెట్టడం, ఫాల్ట్ తరవాత రికార్డులు చదవడం నా వృత్తి. ఈ ప్రశ్నకు వినిపించే జవాబులు ఎక్కువగా భయపెట్టేవో, తేలిగ్గా కొట్టిపారేసేవో అవుతున్నాయి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు మీ ఇన్వర్టర్ సంగతి. అది చెడిపోలేదు, తనకు అప్పగించిన పనే చేసింది. కేంద్ర విద్యుత్ అథారిటీ 2013లో తెచ్చిన నిబంధనల ప్రకారం, పంపిణీ లైన్లకు కలిసే చిన్న సోలార్ యూనిట్ తన దగ్గర వోల్టేజీ 80 శాతం కన్నా తగ్గినా, 110 శాతం దాటినా రెండు సెకన్ల లోపు తప్పుకోవాలి. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ కనీసం 60 సెకన్ల పాటు కుదురుగా ఉన్న తరవాతే తిరిగి కలవాలి. తెగిపడిన తీగను సరిచేయడానికి స్తంభం ఎక్కిన లైన్‌మన్, సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తీశారు కదా అన్న నమ్మకంతో తీగ పట్టుకుంటాడు. ఆ సమయంలో ఏ డాబా మీది నుంచో లైనులోకి కరెంటు వస్తే అతని ప్రాణం పోతుంది. అందుకే చిన్న యూనిట్లకు అనుమానం రాగానే తప్పుకోవాలన్న నియమం పెట్టారు.

పెద్ద సోలార్ పార్కులకు, పవన విద్యుత్ కేంద్రాలకు వర్తించే నియమం సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఫాల్ట్ సమయంలో అవి వదిలి వెళ్లకూడదు. తమ దగ్గర వోల్టేజీ 15 శాతానికి పడిపోయినా 300 మిల్లీసెకన్ల పాటు గ్రిడ్‌ను పట్టుకునే ఉండాలి, ఆ తరవాత వోల్టేజీ మూడు సెకన్లలో 85 శాతానికి కోలుకునేంత వరకూ సహకరించాలి. పడిపోయిన వోల్టేజీని పైకి లేపే రియాక్టివ్ కరెంటును ఆ క్షణాల్లో వీలైనంత ఇవ్వాలి, వోల్టేజీ కోలుకున్నాక ఒక సెకనులో తమ మునుపటి ఉత్పత్తిలో 90 శాతానికి తిరిగి రావాలి. ఈ 300 మిల్లీసెకన్ల లెక్కకు ఆధారం ఉంది. 400 కేవీ లైను మీద ఫాల్ట్‌ను 100 మిల్లీసెకన్లలో, 220, 132 కేవీ లైన్ల మీద 160 మిల్లీసెకన్లలో తొలగించాలన్నది మన గ్రిడ్ ప్రమాణం. ఒకవేళ ఒక బ్రేకర్ మొరాయించి దాని వెనక ఉన్న బ్రేకర్లు తెరుచుకోవలసి వచ్చినా, ఆ ఆలస్యాన్ని కూడా కలుపుకుని కేంద్రం తట్టుకోగలగాలన్నది ఆలోచన.

ఇప్పుడు ఆ సెకన్లలో ఏం జరుగుతుందో చూద్దాం. షార్ట్ సర్క్యూట్ పడ్డచోట వోల్టేజీ దాదాపు సున్నాకు దిగుతుంది, ఆ పతనం లైన్ల వెంబడి చాలా దూరం వరకూ, పోయేకొద్దీ తగ్గుతూ, కనిపిస్తుంది. బొగ్గు, గ్యాస్, జలవిద్యుత్ కేంద్రాల్లోని పెద్ద జనరేటర్లు ఆ క్షణంలో ఎవరూ ఆజ్ఞాపించకుండానే రెండు పనులు చేస్తాయి. తమ మామూలు కరెంటుకు అయిదారు రెట్లు ఫాల్ట్‌లోకి పంపుతాయి కనుక రిలేలకు ఫాల్ట్ స్పష్టంగా కనిపిస్తుంది. రెండోది వాటి బరువుకు సంబంధించినది. పాత రైసు మిల్లుల్లో ఆయిల్ ఇంజనుకు ఉండే భారీ చక్రం ఇంజను ఒక దెబ్బ తప్పినా మరను ఆగనివ్వకుండా ఎలా లాక్కొచ్చేదో, వందల టన్నుల రోటర్లు కూడా తమలో ఉన్న భ్రమణ శక్తితో ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్ దగ్గర నుంచి ఒక్కసారిగా జారనివ్వవు. సోలార్ ప్యానెల్‌లో తిరిగేది ఏదీ లేదు. గాలిమరలో రెక్కలు తిరుగుతున్నా, ఇప్పటి నమూనాల్లో వాటికీ గ్రిడ్‌కూ మధ్య పవర్ ఎలక్ట్రానిక్స్ ఉంటాయి కనుక ఆ బరువు నేరుగా గ్రిడ్‌కు అందదు. పైగా ఇన్వర్టర్ తన రేటింగు మీద పది ఇరవై శాతం కన్నా ఎక్కువ కరెంటు ఇవ్వలేదు, ఇస్తే లోపలి సెమీకండక్టర్లు కాలిపోతాయి. ఇంతకాలం యంత్రాల స్వభావం వల్ల ఉచితంగా అందినదాన్ని ఇకముందు సాఫ్ట్‌వేర్‌లో రాసుకోవాలి, లేదా డబ్బు పెట్టి పరికరంగా కొనుక్కోవాలి.

ఇక్కడ మన డెల్టా ప్రత్యేకత ఒకటి చెప్పాలి, ఎందుకంటే దీని గురించి మాట్లాడేవారు తక్కువ. సముద్రం దగ్గరి లైన్ల మీద ఎండాకాలమంతా ఉప్పు గాలికి, తీగను టవర్ నుంచి వేరుగా పట్టి ఉంచే పింగాణీ డిస్కుల మీద పొర పేరుకుంటుంది. వర్షాకాలం కొంత కడిగినా, వానలు వెనకబట్టాక మళ్లీ పేరుకుని, మార్గశిరం, పుష్యంలో తెల్లవారుజామున పొగమంచుకు తడిసి, ఆ పొర కరెంటు పారే దారి అవుతుంది. డిస్కుల వరుస మీద చిటపటమంటూ నీలి మెరుపు పాకి, చివరికి పెద్ద శబ్దంతో ఫ్లాష్ఓవర్ అవుతుంది, అంటే కరెంటు డిస్కుల మీదుగా టవర్‌లోకి దూకుతుంది. అలాంటి ఫాల్ట్ తరవాత సబ్‌స్టేషన్‌లో ఆ క్షణాల వోల్టేజీ, కరెంటు తరంగాలను నమోదు చేసే డిస్టర్బెన్స్ రికార్డర్ తెరిస్తే ఫాల్ట్ పడిన ఫేజు వోల్టేజీ తరంగం ఒక్కసారిగా చదునై, నాలుగైదు సైకిళ్లలో (మన దగ్గర ఒక సైకిల్ అంటే సెకనులో యాభయ్యో వంతు) బ్రేకర్ తెరుచుకోవడం, ఫాల్ట్ కరెంటు ఆగిపోవడం కనిపిస్తాయి. పాఠ్యపుస్తకంలో బొమ్మ అక్కడితో అయిపోతుంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువులకు కరెంటిచ్చే సబ్‌స్టేషన్ల రికార్డులో అసలు విషయం ఆ తరవాతే మొదలవుతుంది. వోల్టేజీ వెంటనే మునుపటి ఎత్తుకు రాదు, సగంలో వేలాడుతూ మెల్లగా, సెకన్ల పాటు ఈడ్చుకుంటూ పైకి వస్తుంది.

దానికి కారణం మోటార్లు. వేల చెరువుల మీద ఒకటి రెండు హార్స్‌పవర్ ఏరియేటర్లు ఒకేసారి తిరుగుతుంటాయి. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ తెల్లవారుజాము కనుక మోటార్ల లోడు గట్టిగా ఉండేదీ, డిస్కుల మీద మంచు ఉండేదీ ఒకే సమయం. వోల్టేజీ పడిన క్షణంలో మోటార్లు మందగిస్తాయి, మందగించిన మోటారు స్టార్టింగులో లాగినట్టు అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది, ఆ లాగుడుకు వోల్టేజీ ఇంకా కోలుకోలేకపోతుంది. కొన్ని స్టార్టర్లు వదిలేస్తాయి. ఆటో స్టార్టర్ ఉన్నవి కరెంటు కనిపించగానే అన్నీ ఒకేసారి ఎత్తుకుంటాయి, దాంతో వోల్టేజీ మళ్లీ కుంగుతుంది. తెల్లవారుజామున సోలార్ ఉండదు కాబట్టి ఈ జబ్బును సోలార్ మీద వేయడం సరికాదు, ఇది ఎప్పటి నుంచో ఉన్నదే. అయితే ఇలాంటి కుంగుడు పట్టపగలు, సోలార్ నిండుగా ఉన్న వేళ వచ్చినప్పుడు, దగ్గరలో వోల్టేజీని ఆదుకునే తిరిగే యంత్రాలు లేకపోతే, పాత జబ్బు ముదురుతుంది. రియాక్టివ్ పవర్ దూరం ప్రయాణించలేదు. కర్నూలు జిల్లాలో ఎన్ని ఇన్వర్టర్లు ఎంత మంచి సెట్టింగులతో ఉన్నా నరసాపురం దగ్గర వోల్టేజీని లేపలేవు. డెల్టా వోల్టేజీకి ఊతం డెల్టాలోనే ఉండాలి.

పెద్ద కేంద్రాలు నియమం ప్రకారం నిలబడతాయా అన్నది మీ అసలు ప్రశ్న. నియమం కాగితం మీద ఉండటం, అది లోపలి సాఫ్ట్‌వేర్‌లో ఉండటం వేరువేరు విషయాలని ప్రపంచం రెండు పెద్ద సంఘటనల్లో నేర్చుకుంది. 2016 ఆగస్టు 16న దక్షిణ కాలిఫోర్నియాలో బ్లూ కట్ అనే కార్చిచ్చు పొగ వల్ల 500 కేవీ లైను మీద ఫాల్ట్ పడింది. మూడు సైకిళ్ల లోపే అది తొలగిపోయింది, కానీ దాదాపు 1,200 మెగావాట్ల సోలార్ ఉత్పత్తి గ్రిడ్‌కు అందకుండా పోయింది. విచారించి చూస్తే, ఫాల్ట్ క్షణంలో వంకర తిరిగిన తరంగాన్ని చూసి కొన్ని ఇన్వర్టర్లు ఫ్రీక్వెన్సీ ఘోరంగా పడిపోయిందని తప్పుగా లెక్కకట్టి ట్రిప్ అయ్యాయి, అంటే తమంతట తామే తప్పుకున్నాయి, నిజానికి గ్రిడ్ ఫ్రీక్వెన్సీ పెద్దగా కదలనే లేదు. మరికొన్ని వోల్టేజీ తగ్గగానే కరెంటు ఇవ్వడం తాత్కాలికంగా మానేసేలా తయారై వచ్చాయి. ఇన్వర్టర్ గ్రిడ్ తరంగాన్ని చూసి దాని అడుగులో అడుగు వేసే యంత్రం. ఆ తరంగమే చిందరవందరైనప్పుడు అది ఎంతసేపు ఓపిక పట్టి, ఎన్ని సైకిళ్లు కొలిచి నిర్ణయం తీసుకోవాలన్నది పూర్తిగా సెట్టింగు మీద ఆధారపడి ఉంటుంది.

రెండోది మన తీరం వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది. 2016 సెప్టెంబర్ 28న దక్షిణ ఆస్ట్రేలియాలో సుడిగాలులు టవర్లను పడగొట్టాయి. రెండు నిమిషాల వ్యవధిలో ఆరుసార్లు వోల్టేజీ కుంగింది. అక్కడి గాలిమరలు ఒక్కో కుంగుడునూ తట్టుకున్నాయి. కానీ కొన్ని కేంద్రాల నియంత్రణలో, తక్కువ వ్యవధిలో ఇన్నిసార్లు కన్నా ఎక్కువ తట్టుకోవద్దు అనే లెక్క ఒకటి ఉంది, ఆ లెక్క గ్రిడ్ నిర్వాహకులకు తెలియదు. లెక్క నిండగానే తొమ్మిది కేంద్రాలు కలిపి 456 మెగావాట్లు తగ్గించుకున్నాయి, ఆ లోటంతా పొరుగు రాష్ట్రంతో కలిపే లైను మీద పడి అది తెగిపోయింది, రాష్ట్రమంతా చీకటైంది. ఆ తరవాత ఆ సెట్టింగు మార్చారు. 1996 నవంబర్ 6 రాత్రి తుపానులో కోనసీమను చూసినవారికి, 2018 డిసెంబర్‌లో పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటినప్పుడు డ్యూటీలో ఉన్నవారికి తెలుసు, తుపాను గాలిలో ఫాల్ట్ ఒక్కసారితో ఆగదు. లైను తెగి కలిసి, మళ్లీ తెగి, బ్రేకర్ తనంతట తానే తిరిగి మూసుకుని (రీక్లోజ్ అయి), పక్క లైను మీద ఇంకోటి పడుతుంది. అందువల్ల ఒక కేంద్రం ఒక్క ఫాల్ట్‌ను తట్టుకుంటుందన్న పరీక్షా పత్రం మన తీరానికి చాలదు, వరస ఫాల్ట్‌లను ఎన్నింటిని, ఎంత వ్యవధిలో తట్టుకుంటుందో అడిగి రాయించుకోవాలి.

గ్రిడ్ మొత్తం కూలుతుందా అన్న భయానికి ఒక మాట. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు భారతాల్లో గ్రిడ్ కూలినప్పుడు మనకు కరెంటు పోలేదు, ఎందుకంటే అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి లేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో కలిసింది. అప్పటి నుంచి రాజస్థాన్‌లో ఒక సోలార్ సముదాయం ఆగితే మీ ఇంటి ప్లగ్గులో ఫ్రీక్వెన్సీ కూడా ఆ మేరకు కదులుతుంది. ఇందులో లాభమే ఎక్కువ. 2024 మే 30న దేశం దాదాపు 2,50,000 మెగావాట్ల గరిష్ఠ డిమాండును అందుకుంది. అంత పెద్ద వ్యవస్థలో వెయ్యి మెగావాట్లు ఒక్కసారిగా పోయినా ఫ్రీక్వెన్సీ కొద్దిగా కుంగి తేరుకుంటుంది. చిన్న ద్వీపంలాంటి దక్షిణ ఆస్ట్రేలియాకు మన పరిస్థితి పోల్చడం తగదు. నాకు మొత్తం గ్రిడ్ కన్నా, ఒక మూలలో వోల్టేజీ కూలి ఆ ప్రాంతం విడిపోవడం మీదే ఎక్కువ ఆందోళన.

వోల్టేజీ తగ్గడమే ప్రమాదం అనుకోవద్దు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకటైంది వోల్టేజీ పెరుగుతూ పోవడం వల్ల. ఎక్కువ వోల్టేజీకి కేంద్రాలు ట్రిప్ అవుతుంటే, వోల్టేజీని అదుపు చేసేవారే తగ్గి అది ఇంకా పెరిగింది. మన దగ్గర కేంద్ర విద్యుత్ అథారిటీ నిబంధనల 2019 సవరణలో దీనికీ పరిమితులు వచ్చాయి: 110 నుంచి 120 శాతం వరకు రెండు సెకన్లు, 120 నుంచి 130 శాతం వరకు 0.2 సెకన్లు కేంద్రం తట్టుకోవాలి. డెల్టాలో ఇది ఊహాగానం ఏమీ కాదు. ఫాల్ట్ దెబ్బకు వందలాది మోటార్లు వదిలేసి, వాటి కోసం సబ్‌స్టేషన్‌లో పెట్టిన, వోల్టేజీని పైకి లేపే కెపాసిటర్ బ్యాంకులు మాత్రం లైనులోనే ఉండిపోతే, కుంగిన వోల్టేజీ మరుక్షణం పైకి ఎగదన్నుతుంది.

ఇక రిలేల మాట. దీని మీద బయట చర్చ దాదాపు లేదు, కానీ ఫీల్డులో మాకు రోజూ ఎదురయ్యేది ఇదే. మన లైన్లలో ఎక్కువ ఫాల్ట్‌లు ఒక ఫేజుకూ భూమికీ మధ్య పడేవి. పాత రిలేలు ఫాల్ట్ ఏ దిక్కున ఉందో తేల్చడానికి ఫేజుల మధ్య అసమతుల్యత వల్ల పుట్టే నెగెటివ్ సీక్వెన్స్ కరెంటు మీద ఆధారపడతాయి. తిరిగే జనరేటరు దాన్ని సహజంగా ఇస్తుంది. చాలా ఇన్వర్టర్లు మూడు ఫేజుల్లోనూ సమానమైన కరెంటే పంపేలా దాన్ని అణచివేస్తాయి, లేదా తయారీదారు రాసిన సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఏదో ఒక కోణంలో పంపుతాయి. అప్పుడు సోలార్ వైపు చివరన ఉన్న రిలే ఫాల్ట్ ముందుందో వెనకుందో తేల్చుకోలేక తికమకపడుతుంది. కేంద్రం దగ్గరి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ హైవోల్టేజీ వైపు స్టార్ పాయింటు (మూడు ఫేజుల చుట్టలు కలిసే చోటు) భూమికి కలిపి ఉంటుంది కనుక భూమి గుండా తిరిగివచ్చే జీరో సీక్వెన్స్ కరెంటు మాత్రం దొరుకుతుంది, ఎర్త్ ఫాల్ట్‌కు దాన్ని ఆధారం చేసుకోవచ్చు. రెండు ఫేజుల మధ్య ఫాల్ట్‌కు ఆ దారి కూడా లేదు. నా దృష్టిలో సోలార్, పవన కేంద్రాలు కలిసే ప్రతి లైనుకూ ఎర్త్‌వైరులోని ఆప్టికల్ ఫైబర్ మీద నడిచే లైన్ డిఫరెన్షియల్ రక్షణ తప్పనిసరి చేయాలి. రెండు చివరల కరెంటును పోల్చే ఆ పద్ధతికి దిక్కు తెలుసుకునే అవసరమే లేదు. ఫాల్ట్ ఎంత త్వరగా పోతే మోటార్లు అంత తక్కువ మందగిస్తాయి. చెరువు మీది ఏరియేటర్‌కూ సబ్‌స్టేషన్ రిలేకూ ఉన్న నేరు సంబంధం ఇది.

వోల్టేజీకి స్థానిక ఊతం ఎక్కడి నుంచి తేవాలి? దీనికి మంచి జవాబు మన ఊళ్ల మధ్యే ఉందని నేను గట్టిగా నమ్ముతాను. విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, సామర్లకోటల్లో గ్యాస్ కేంద్రాలు కట్టారు, కేజీ బేసిన్ గ్యాస్ తగ్గాక వాటిలో చాలా యూనిట్లు ఏళ్ల తరబడి ఖాళీగానో అరకొరగానో ఉన్నాయి. జనరేటర్‌ను టర్బైన్ నుంచి వేరుచేసి, గ్రిడ్ కరెంటుతోనే తిప్పుతూ ఉంచితే అది సింక్రనస్ కండెన్సర్ అవుతుంది. ఒక్క యూనిట్ కరెంటు కూడా ఉత్పత్తి చేయకపోయినా ఫాల్ట్ కరెంటు ఇస్తుంది, వోల్టేజీని నిలబెడుతుంది, తన బరువు మేరకు ఫ్రీక్వెన్సీకీ తోడ్పడుతుంది. జర్మనీలో మూసేసిన బిబ్లిస్ అణు కేంద్రం జనరేటర్‌ను 2012లో ఇలాగే మార్చారు. దక్షిణ ఆస్ట్రేలియా 2021లో ఇలాంటి కొత్త యంత్రాలు నాలుగు పెట్టుకుంది. ఏ యూనిట్ మార్పుకు పనికొస్తుంది, ఖర్చెంత అన్నది ఒక్కోదాన్నీ పరిశీలించి తేల్చవలసిందే. కానీ ఉన్న పునాది, ఉన్న జనరేటరు, ఉన్న లైన్లు కళ్లముందు తుప్పు పట్టిపోతుంటే ఆ పరిశీలన కూడా చేయకపోవడం మాత్రం నాకు బాధ కలిగిస్తుంది.

బ్యాటరీలు మరో దారి. వాటిలో గ్రిడ్ తరంగాన్ని వెంబడించకుండా తానే తరంగాన్ని నిలబెట్టే ఇన్వర్టర్లు పెట్టవచ్చు, ఇవి జనరేటర్ స్వభావాన్ని చాలావరకు అనుకరించగలవు. ఫాల్ట్ కరెంటు విషయంలో మాత్రం వీటికీ ఆ పది ఇరవై శాతం హద్దే ఉంటుంది, లేదంటే అదనపు ఇన్వర్టర్లకు ఖర్చు పెట్టాలి.

మీ డాబా సోలార్ లాంటివి లక్షల్లో చేరినప్పుడు మరో చిక్కు వస్తుంది. ఫ్రీక్వెన్సీ బాగా పడిపోతే కొన్ని ఫీడర్లను రిలేలు వాటంతట అవే తెంచేసి లోడు తగ్గిస్తాయి. మధ్యాహ్నం వేళ ఆ ఫీడరు లోడు బదులు సోలార్ కరెంటును పైకి పంపుతూ ఉంటే, దాన్ని తెంచడం వల్ల గ్రిడ్‌కు ఉన్న ఉత్పత్తి పోతుంది. ఏ ఫీడరు ఏ గంటలో ఎటు పంపుతోందో చూసి ఆ జాబితాలను తరచు మార్చుకోవాలి, ఏటా ఒకసారి చూసే అలవాటు ఇకముందు సరిపోదు.

మీరు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ఇన్వర్టర్ బిగించిన వారిచేత వోల్టేజీ హద్దులు పెంచుకోకండి, మన దేశపు గ్రిడ్ నిబంధనల సెట్టింగు ఎంచి ఉందో లేదో మాత్రం అడిగి చూసుకోండి. దాని ఈవెంట్ లాగ్ తెరిచి, ఆగిన ప్రతిసారీ కారణం తక్కువ వోల్టేజీయో ఎక్కువ వోల్టేజీయో గమనించండి. మబ్బు లేని మధ్యాహ్నాల్లో ఎక్కువ వోల్టేజీ అని పదేపదే వస్తుంటే అది ఫాల్ట్‌కు సంబంధించింది కాదు, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (దాని వోల్టేజీని ఎక్కువ తక్కువ చేసే అమరిక) లేదా సర్వీసు వైరు సమస్య కావచ్చు, ఆ తేదీలు, సమయాలు రాసి మీ సెక్షన్ ఏఈ గారికి ఇస్తే వారు కొలిచి చూడగలుగుతారు. చెరువుల మీద ఆటో స్టార్టర్లకు ఆలస్యపు టైమర్లు పెట్టించి ఒక్కో సెట్టుకు ఒక్కో సమయం ఇవ్వండి, ఒకటి పది సెకన్లకు, ఇంకోటి ఇరవైకి, మరోటి ముప్పైకి ఎత్తుకునేలా ఉండాలి. మోటార్ల దగ్గర కెపాసిటర్ ఉంటే అది స్టార్టర్ తరవాత, అంటే మోటారు ఆగినప్పుడు తానూ తప్పుకునేలా కలిపి ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న పక్క చెరువుల వారు కూడా టైమర్లు పెట్టుకుంటే, ఫాల్ట్ తరవాత మీ అందరి మోటార్లూ మొదటి ప్రయత్నంలోనే అందుకునే అవకాశం బాగా పెరుగుతుంది.